ఇక్కడో సంతకం పెట్టమ్మా

మహిళా ఉద్యమాలు గెలిచాయా లేదా అని ఇంకా చర్చలు పెట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఎప్పుడో గెలిచాయి. కావాలంటే మా ఊరి పంచాయతీ ఆఫీసుకు రండి, కళ్లారా చూపిస్తాను.

మొన్న ఒక కాగితం మీద సర్పంచ్ సంతకం కోసం అక్కడికి వెళ్లాను. మాది మహిళలకు రిజర్వు అయిన సీటు. సర్పంచ్ కుర్చీలో తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఊరంతా ఆయన్నే ‘సర్పంచ్ గారూ’ అంటుంది. ఆయన ఏ ఎన్నికలో గెలిచాడో ఎవరికీ తెలియదు, అడగడం మర్యాద కూడా కాదు. నిజంగా గెలిచినావిడను ‘సర్పంచ్ గారి భార్య’ అంటారు. అంటే సర్పంచ్ గారి భార్యే సర్పంచ్, సర్పంచ్ గారేమో సర్పంచ్ కాదు. మీకు బుర్ర తిరుగుతోందేమో, మా పంచాయతీ కార్యదర్శికి మాత్రం తిరగదు.

నా కాగితం చూసి ఆయన ఫోన్ తీశారు. "ఏమే, స్టాంపు పట్టుకుని ఒకసారి రా." పది నిమిషాల్లో ఆవిడ వచ్చింది. చేతికి ఇంకా శనగపిండి ఉంది, బజ్జీలు వేస్తూ వేస్తూ వచ్చినట్టుంది. ఆయన కుర్చీలోంచి లేవలేదు. ఆవిడ టేబుల్ పక్కన నిలబడి, కొంగుకు చెయ్యి తుడుచుకుని, "ఎక్కడండీ?" అంది. ఆయన వేలు పెట్టి చూపించారు. పెట్టింది. కాగితం మూలన కాస్త పిండి అంటుకుంది. ఓటీపీలు కూడా ఆయన ఫోన్‌కే వస్తాయట. "ఆవిడకెందుకండీ ఆ టెన్షన్!" అన్నారు, ఎంతో ప్రేమగా.

ఈ ప్రేమ పూర్తిగా చూడాలంటే మార్చి 8న రావాలి. ఫ్లెక్సీలో ఆయన నిలువెత్తున ఉంటారు, ఆవిడ పాస్‌పోర్టు సైజులో ఉంటుంది. వేదిక మీద ఆరు కుర్చీలు, ఆరుగురు మగాళ్లు. ఏడో కుర్చీ చివర్న, స్పీకర్ బాక్సు వెనకాల, అందులో ఆవిడ. రాకపోతే ఫైన్ అని గ్రూప్ లీడర్ చెబితే వచ్చిన డ్వాక్రా అక్కలు ఎండలో కూర్చున్నారు. "మహిళలు ఆకాశంలో సగం!" అన్నారాయన మైకు పట్టుకుని. ఆ సగానికి నేల మీద టార్పాలిన్లు పరిచారు, మిగతా సగానికి పైన షామియానా. ఉపన్యాసం నలభై నిమిషాలు సాగింది. మధ్యలో రెండుసార్లు ఆగి ఆవిడ వైపు తిరిగి, టీలు వచ్చాయా అని సైగ చేశారు. చివర్లో "ఇప్పుడు సర్పంచ్ గారికి శాలువా" అని ప్రకటించగానే ఇద్దరూ లేచారు. హెడ్మాస్టారు శాలువా పట్టుకుని ఒక్క క్షణం తటపటాయించారు. పాపం, ఆయనకూ బదిలీల భయం ఉంటుంది కదా. శాలువా తెల్లచొక్కా మీద పడింది. చప్పట్లు. ఆయన దాన్ని తీసి, అందరి ముందూ, పెద్ద మనసుతో భార్యకిచ్చారు.

"మడతపెట్టి బ్యాగులో పెట్టు."

ఈ విషయంలో ఛత్తీస్‌గఢ్ మనకంటే ఒక అడుగు ముందుంది. అక్కడ కబీర్‌ధామ్ జిల్లా పరస్వారాలో 2025 మార్చిలో ఆరుగురు మహిళలు పంచాయతీకి గెలిస్తే, వాళ్ల భర్తలే వచ్చి ప్రమాణం చేసేశారు. శనగపిండి బెడద కూడా లేదు.

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. అప్పుడు పంచాయతీల్లో ఆడవాళ్లకు మూడో వంతు సీట్లిచ్చారు, తర్వాత మన దగ్గర సగం చేశారు. చట్టసభల్లో ఆడవాళ్లకు సీట్లిచ్చే బిల్లు 1996లో మొదటిసారి పెట్టి 2023లో పాస్ చేశారు. జనాభా లెక్కలు, ఆ తర్వాత సీట్ల పునర్విభజన అయ్యాకే అమలు అని అందులోనే రాసుకున్నారు. తొందరేముంది, ముందు ఎంపీల భర్తలకు శిక్షణ ఇవ్వాలి కదా.

అసలు ఈ సంతకం సంగతి మొదలైంది నెల్లూరు జిల్లాలో. 90ల మొదట్లో అక్కడ ఆడవాళ్లు రాత్రిబళ్లలో పలక పట్టుకుని పేరు రాయడం నేర్చుకున్నారు. అక్షరాలతో ఊరుకున్నారా? దూబగుంటలో సారా దుకాణం మూయించారు. అది ఊరూరా పాకింది. 1993లో సారా పోయింది, 1995లో మొత్తం మద్యమే పోయింది. 1997లో మద్యం తిరిగొచ్చింది. ఇప్పుడు ఖజానాలు దాని మీదే నిలబడుతున్నాయి. పలక పట్టిన ఆడది ఎంత ప్రమాదమో ఆ నాలుగేళ్లలో అందరికీ తెలిసొచ్చింది. అందుకే సంతకం ఆవిడకే ఉంచి, ఎక్కడ పెట్టాలో చూపించే వేలు మాత్రం మనం ఉంచుకున్నాం.

ఇంతకీ నేను తీసుకెళ్లిన కాగితం ఏమిటో చెప్పలేదు. చనిపోయిన మా నాన్నకు వారసులం నేనూ, మా అక్కా అని. ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా అని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. దేశానికి 2005లో వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు కూడా తేల్చేసింది. మనం మాత్రం హక్కు విడుదల దస్తావేజు అని ఒకటి కనిపెట్టుకున్నాం, అంటే నా వాటా వదులుకుంటున్నానని ఆడపిల్ల రాసిచ్చే కాగితం. ‘ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా’ అని అందులో ఉంటుంది. ఎవరి బలవంతం ఉంటుందండీ? పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందన్న భయం ఒకటే కదా! ఆ భయానికి మనం పసుపు కుంకుమ అని పేరు పెట్టాం. ఎకరం లక్షల్లో పలికే చోట ఒక పట్టుచీర పెట్టి ఆడపిల్లకు ‘ఇచ్చి పంపాం’ అంటాం. సిగ్గులేదు మనకు. లేదంతే.

పోయిన బుధవారం రిజిస్ట్రారు ఆఫీసులో మా అక్క పక్కన కూర్చున్నాను. పదహారు పేజీలు. ఒక్కటీ చదవలేదు. కళ్లజోడు మర్చిపోయి వచ్చానంది. ప్రతి పేజీ కింద నేనే వేలు పెట్టి చూపించాను.

"ఇక్కడేనా తమ్ముడూ?"

"ఇక్కడే అక్కా."