పక్కనున్న మనిషిని లేపలేని అలారం

గుంటూరు మిర్చి యార్డులో ఆ రోజుకు రేటు నచ్చని రైతు తన టిక్కీలను (మిర్చి బస్తాలను) చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు. లోపల చల్లదనం తగ్గితే కాయ రంగు పోతుంది. రంగు పోతే రేటూ పోతుంది. అలాంటి ఒక స్టోరేజీలో నేను చూసుకునే పాత కంప్యూటర్ ఒకటి ఉంది. గ్రాఫిక్స్, సౌండ్ కార్డు ఏమీ లేదు, విండోస్‌కు బదులు చిన్న లినక్స్ నడుస్తుంది. నిమిషానికోసారి సెన్సర్ రీడింగ్ తీసుకుని ఫైల్లో రాసుకుంటుంది.

ఒక రాత్రి కంప్రెసర్ ఆగిపోయింది. కంప్యూటర్ ఆ సంగతి వెంటనే కనిపెట్టి ఓనరు ఫోన్‌కు మెసేజ్ పంపబోయింది. నెట్ లేదు. తెల్లారి చూస్తే ఫైల్లో నిమిషం నిమిషానికీ పెరిగిన వేడి వరసగా రాసి ఉంది. వాచ్‌మన్ బాబాయ్ పడుకున్నది దానికి పది అడుగుల దూరంలో.

ఆ పది అడుగులే నన్ను చాలా రోజులు వెంటాడాయి. మనం అలర్ట్ అంటే ఫోన్‌కు వచ్చేదే అనుకుంటున్నాం. రౌటర్, కేబుల్, టవర్, అవతలి ఫోన్‌లో చార్జింగ్ అన్నీ బాగుంటేనే అది చేరుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు కరెంటు లేక, ఫోన్లలో చార్జింగ్ లేక జనం ఎంత అవస్థ పడ్డారో చూశాం. ఆపద వచ్చినప్పుడు ముందు పోయేవాటి మీదే ఆపద కబురు మోసే పని పెట్టకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

అరిచే శక్తి ఆ పాత పెట్టెకు మొదటి నుంచీ ఉంది. ఒక్కో ఇంగ్లిష్ అక్షరానికీ ఒక్కో అంకె ఇచ్చే ఆస్కీ పట్టికలో 7వ సంకేతం పేరే బెల్. టెలిప్రింటర్ల కాలంలో అది నిజంగానే గంట కొట్టేది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలోనూ చిన్న స్పీకర్ ఉండేది. లినక్స్ కన్సోల్‌కు, అంటే ఆ పెట్టెకే ఉన్న తెరకు, ఈ బెల్ సంకేతం అందితే, వేరే ఏమీ చెప్పకపోతే, 750 హెర్ట్జ్ స్వరంతో సెకనులో ఎనిమిదో వంతు సేపు కూస్తుంది. సౌండ్ కార్డుతో పని లేదు.

అయితే ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. దూరం నుంచి లాగిన్ అయి ఆ సంకేతం పంపితే మోగేది మన ముందున్న ల్యాప్‌టాప్, అక్కడి పెట్టె కాదు. చెప్పిన వేళకు పనులు దానంతటదే నడిపే క్రాన్‌లో పెడితే అసలు ఎక్కడా మోగదు. దాన్ని నేరుగా అసలు కన్సోల్‌కే, అంటే లినక్స్‌లో టీటీవై1 అనే పేరున్నదానికి రాయించాలి. ఉబుంటు లాంటి లినక్స్ రకాలు ఈ స్పీకర్‌ను నడిపే మాడ్యూల్‌ను ముందే నిషేధ జాబితాలో పెడతాయి. అక్కడి నుంచి తీసి లోడ్ చేసుకోవాలి.

కంప్రెసర్ ఆగితే గది నిశ్శబ్దమవుతుంది కాబట్టి బీప్ బాగా వినిపిస్తుంది. జనరేటర్ ఆన్ అయిందా, ఇక ఏమీ వినపడదు. అప్పుడు వెలుగు కావాలి. కీబోర్డు మీది స్క్రోల్ లాక్ లైటును ఇప్పుడు దాదాపు ఎవరూ వాడరు. సెట్‌లెడ్స్ కమాండుతో దాన్ని వెలిగించొచ్చు, ఆర్పొచ్చు.

నేను ఆ లైటును తిరగేసి వాడుతున్నాను. రీడింగ్ మామూలుగా ఉన్నంతసేపు అది మినుకుమినుకుమంటూ ఉంటుంది. ప్రమాదం వచ్చినా, ప్రోగ్రామ్ చచ్చిపోయినా, కంప్యూటరే ఆగిపోయినా మినుకు ఆగిపోతుంది. ఆపదలో మాత్రమే వెలిగే లైటు పెడితే, చచ్చిపోయిన కంప్యూటర్ కూడా అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అలా మోసపోవడం కంప్రెసర్ ఆగిపోవడం కంటే ప్రమాదం.

మోత విషయంలోనూ పొదుపు ఉండాలి. తలుపు తీసిన ప్రతిసారీ కూస్తే వారం తిరక్కుండానే ఎవరో ఒకరు స్పీకర్ వైరు పీకేస్తారు. అందుకే తలుపు పది నిమిషాలు తెరిచే ఉంటేనే ఒక కూత. చల్లదనం తగ్గితే ఎవరైనా వచ్చి కీ నొక్కేదాకా మూడేసి కూతలు. బాబాయ్‌కి కంప్యూటర్ తెలియదు, కానీ మూడు కూతలంటే ఏమిటో, ఎవర్ని లేపాలో బాగా తెలుసు.

ఓనరు ఇప్పుడు కొత్త మిషన్ కొందామంటున్నారు. కొత్త మదర్‌బోర్డులు చాలావాటికి స్పీకర్ ఉండదు, తగిలించే పిన్నులు మాత్రం కొన్నింటికి ఉంటాయి. బిల్లు కట్టే ముందు షాపులోనే మూత తీయించి ఆ పిన్నులు చూడాలని చెప్పాను. వాటికి తగిలించే బజర్ నేనే కొనుక్కొస్తాను.