అద్దె ఇంటి స్థలపురాణం

గుడికి వెళ్తే గోడ మీద స్థలపురాణం రాసి ఉంటుంది. దేవుడు ఇక్కడే ఎందుకు వెలిశాడో చదువుకుని మరీ లోపలికి వెళ్తాం. అక్కడ మనం ఉండేది అయిదు నిమిషాలు. పదకొండు నెలలు కాపురం చేయబోయే ఇంటి ముందు మాత్రం "టు-లెట్, ఓన్లీ వెజ్, బ్యాచిలర్లకు ఇవ్వబడదు" అన్న అట్టముక్క తప్ప ఇంకేమీ వేలాడదు. కాబట్టి హైదరాబాదులో ప్రతి టు-లెట్ బోర్డు కిందా స్థలపురాణం రాయడం తప్పనిసరి చేయాలని ప్రభుత్వం వారికి సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఓనర్లు పురాణం చెప్పరని కాదు. చెప్తారు, కాకపోతే వాళ్ళు చెప్పేది భవిష్య పురాణం. "ఇటు మెట్రో వస్తోంది బాబూ, అటు ఫ్లైఓవర్ శాంక్షనైపోయింది." మియాపూర్ నుంచి నాగోలుకి మెట్రో 2017 నవంబరులో మొదలైంది. నేను చూసిన కాలనీకి ఇంకా రాలేదు గానీ, అద్దె మాత్రం ముందు రైలెక్కి వచ్చి దిగిపోయింది. రాబోయే వైభవానికి ఇవాళే అద్దె కట్టాలి సరే, జరిగిపోయినదానికి ఓ వెయ్యి తగ్గించమంటే ఒక్కరూ ఒప్పుకోరు.

ఆ జరిగిపోయినదేమీ తాళపత్రాల్లో దాక్కోలేదు, అడ్రసులోనే ఉంది. మాసబ్ ట్యాంక్ అంటే మా సాహెబా తలాబు. తలాబు పోయి బస్టాపు మిగిలింది. గచ్చిబౌలి అంటే గచ్చు బావి. ఇప్పుడక్కడ ట్యాంకరు ఎవరికి ముందు రావాలో వాట్సాప్ గ్రూపుల్లో తేల్చుకుంటున్నారు. నా అనుభవంలో కాలనీ పేరు చివర 'కుంట' అని ఉంటే ఎండాకాలం ట్యాంకరూ, వానాకాలం పడవా మాట్లాడి పెట్టుకోవడం ఉత్తమం.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు పదిహేను వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారని చెబుతారు. (ఇలాంటి ఎమినిటీ ఏ గేటెడ్ కమ్యూనిటీ బ్రోచర్‌లోనూ నాకు కనబడలేదు.) తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. నీళ్ళని ఊరికి పైనే ఆపాలన్నాడాయన. 1920కి ఉస్మాన్ సాగర్, 1927కి హిమాయత్ సాగర్ తయారయ్యాయి. ఊరు మునగకుండా ఉండాలంటే నీళ్ళకి చోటు చూపించాలన్నది ఆయన లెక్క. మన తరం ఆ లెక్కని కొంచెం సవరించింది: చెరువంటూ ఉంటేనే కదా నిండేది, అసలు చెరువే లేకుండా చేస్తే పోలా?

ఈ సవరణ ఫలితాన్ని మొన్న కళ్ళారా చూశాను. గ్రౌండ్ ఫ్లోరు, డబుల్ బెడ్‌రూమ్, కొత్త పెయింటు వాసన. హాల్లో నాలుగు గోడల చుట్టూ మోకాలెత్తున, మట్టం పెట్టి గీసినట్టు సన్నటి గోధుమరంగు చార. రెండుసార్లు పెయింటు వేసినా పోయినట్టు లేదు. ప్లగ్ పాయింట్లన్నీ నా ఛాతీ ఎత్తులో ఉన్నాయి. వంటింటి మూల పాతవాళ్ళు వదిలేసిన సిమెంటు ఇటుకలు, ఫ్రిజ్ కాళ్ళ కొలతకి నాలుగు వరసలుగా పేర్చినవి.

"ఈ గీత ఏంటి అంకుల్?"

"బోర్డరు బాబూ. డిజైను."

"మరి ఇటుకలు?"

"వాస్తు."

పక్కనే వాళ్ళావిడ, "ఎండాకాలం కూడా చల్లగా ఉంటుంది నాయనా, నేలంతా చెమ్మే" అని నోరు జారారు. ఆయన గబుక్కున మెట్రో సంగతి ఎత్తుకున్నారు.

ఇక అగ్రిమెంటు. ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పదంటుంది చట్టం, అందుకే అందరూ పదకొండు నెలలకి రాసుకుంటారు. ఆ చట్టం పుట్టిందీ 1908లోనే, మూసీ పొంగిన ఏడే. పన్నెండులో ఒక నెల మనకి మిగులుతుంది కదా, అదేదో వరద నెల అయ్యేట్టు చూసుకుందామని కాయితం మీద లెక్కేశాను. నవంబరు ఒకటిన దిగితే సెప్టెంబరు ముప్పైకి ఖాళీ చేయొచ్చు, అక్టోబరు తప్పుతుంది. 2020లో ఊరు మునిగింది అక్టోబరులోనే కాబట్టి భేషుగ్గా ఉంది. కానీ 1908 వరద సెప్టెంబరు. పోనీ సెప్టెంబరు తప్పిద్దామంటే 2000 సంవత్సరంలో మునిగింది ఆగస్టులో. ఒక్క నెలతో పనయ్యేలా లేదు, మూడు నెలలు కావాలి.

"అంకుల్, నవంబరు నుంచి జులై దాకా, తొమ్మిది నెలలకే రాసుకుందామా?"

ఆయన కంగారుపడిపోయారు. "అమ్మో, అలా కుదరదు బాబూ. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మేం డల్లాస్‌లో మా అమ్మాయి దగ్గరుంటాం. ఆ మూడు నెలలూ ఇల్లు కనిపెట్టుకుని ఉండటానికేగా అద్దెకిచ్చేది!"