ఆ ఉప్పు ఎవరిది?

కడప జిల్లాలో చీనీ తోటకో అరటి తోటకో వెళ్లి డ్రిప్ పైపు చివర మూత విప్పి, నేలకేసి తడితే తెల్లటి పొడి రాలుతుంది. వేళ్ల మధ్య నలిపితే ముగ్గుపిండిలా ఉంటుంది. ఇది ఇక్కడ కొత్తేమీ కాదు, పైపులకు యాసిడ్ పట్టించడం రైతులకు అలవాటైన పనే. కానీ వేముల మండలంలో, తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం వ్యర్థాల చెరువు దగ్గరి పల్లెల్లో, ఆ పొడి చుట్టూ పెద్ద తగాదాయే ఉంది. చెరువులోంచి ఊరిన నీళ్లే మా బోర్లను చెడగొట్టాయని ఊరివాళ్లు అంటారు. ఈ నేల గుణమే అంత, రాతిలోనే ఖనిజం ఉందని కర్మాగారం వైపు నుంచి జవాబు. నీళ్ల పరీక్ష కాగితాలు ఇద్దరి దగ్గరా ఉన్నాయి. తగాదా మాత్రం తెగదు.

ఎలా తెగుతుంది? మనం చేయించే పరీక్షలు చెప్పేది ‘ఎంత’ అన్నది ఒక్కటే. టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం లవణాలు) ఎంత, ఫ్లోరైడ్ ఎంత, యురేనియం ఎంత. తాగొచ్చా, వద్దా అని తేల్చుకోవడానికి అది అవసరమే. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఏమవుతుందో అనంతపురం జిల్లాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 30 మైక్రోగ్రాముల దగ్గర గీత గీస్తే, మన అణుశక్తి నియంత్రణ మండలి 60 దగ్గర గీసింది. అయితే ఇక్కడ గొడవంతా ‘ఎక్కడిది’ అన్న దాని మీద. దానికి ఐసోటోపుల పరీక్ష కావాలి. ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులే ఐసోటోపులు, వాటి పాళ్లను బట్టి పుట్టుక పోల్చుకోవచ్చు.

బొగ్గు గనులున్న చోట్ల ఈ విద్య ముందే ఒంటబట్టింది. బొగ్గు పొరల్లో ఉండే పైరైట్‌కు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గాలి, నీరు తగిలితే గంధకామ్లం పుడుతుంది. పక్కన సున్నపురాయి ఉంటే ఆ ఆమ్లం విరిగిపోతుంది, నీళ్లు మాత్రం కాల్షియం, సల్ఫేట్లతో పప్పు ఉడకనంత గట్టిబడతాయి. ఆ సల్ఫేట్‌లో బరువైన గంధకం పాలెంతో కొలిస్తే, అది పైరైట్ నుంచి వచ్చిందా, జిప్సం నుంచి వచ్చిందా అన్నది చాలావరకు తెలిసిపోతుంది. ఉత్తర చైనాలో సొరంగంలోకి ఉన్నట్టుండి నీళ్లు దూసుకొస్తే, అవి పైపొరవా, అడుగున ఉన్న సున్నపురాయివా అని ఇలాంటి పరీక్షలతోనే ఆరా తీస్తారు.

మన బొగ్గంతా గోదావరి లోయది. కడపలో బొగ్గు గని లేదు. కానీ సింగరేణి బొగ్గు రైలెక్కి కలమల్ల దాకా వచ్చి, 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రంలో కాలి, ఆ బూడిదలో కొంత ఇక్కడే ఉండిపోతుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. వేరుశనగకు ఊడలు దిగే వేళ మనమే జిప్సం చల్లుతాం, అదీ సల్ఫేటే. రేపు బోరులో సల్ఫేట్ పెరిగితే అది బూడిదదా, గనిదా, మన చేలోదా? టీడీఎస్ మీటరుకు అన్నీ ఒకటే.

యురేనియానికీ ఇలాంటి ఆనవాలు ఉంది. రాతి సందుల్లో నెమ్మదిగా నడిచే నీళ్లలోకి యురేనియం-234, యురేనియం-238 కంటే సులువుగా జారుకుంటుంది. అందుకే మామూలు బోరు నీళ్లలో ఆ రెంటి రేడియోధార్మికతల నిష్పత్తి చాలాచోట్ల ఒకటి కంటే ఎక్కువ ఉంటుంది. ఖనిజాన్ని పిండి చేసి రసాయనాలతో కరిగిస్తే రెండూ కలిసే వస్తాయి, నిష్పత్తి ఒకటి దగ్గరికి చేరుతుంది. ఇక చెరువు సంగతి. ఎండలో నిలిచిన నీళ్లలో తేలికపాటి అణువులు ముందు ఆవిరైపోయి, బరువైన ఆక్సిజన్-18 మిగులుతుంది, పాలు మరిగితే చిక్కబడ్డట్టు. ఆ చిక్కదనం కింది బోరులో కనిపిస్తే అందులో ఏదో ఒక చెరువు నీళ్లు కలిసినట్టే. ఏ చెరువన్నది ఉప్పుల లెక్కతో సరిచూడాలి.

నీటి వయసూ చెప్పొచ్చు. ఈ కాలపు వానలో కొద్దిగానైనా ట్రిటియం, అంటే రేడియోధార్మికత ఉన్న బరువైన హైడ్రోజన్, ఉంటుంది. దాని అర్ధాయువు 12.3 ఏళ్లు, అంటే అన్నేళ్లకోసారి సగమైపోతుంది. వెయ్యి అడుగుల బోరులో ఆ జాడే లేకపోతే అవి తాతల నాటి వాన నీళ్లు, 2012లో మొదలైన కర్మాగారం మీద అనుమానం బాగా తగ్గిపోతుంది. జాడ ఉంటే అనుమానం నిలబడుతుంది. ఏ ఒక్క పరీక్షా జడ్జి కాదు, నాలుగూ కలిపి చదవాలి. రైతు వాదన వీగిపోవచ్చు కూడా. అయినా సరే, నిజం తేలాలన్నదే మా మాట. టెంకాయ అరచేతిలో పెట్టుకుని బోరు పాయింట్ చూపించేవాళ్లను నమ్మి లక్షలు దించే సీమలో, ఒక సీసా నీళ్లను ప్రయోగశాలకు పంపడానికి ఇంత తటపటాయింపు ఎందుకు?

సీసా నింపడంలోనూ పద్ధతి ఉంది. పైపులో నిలిచిన పాత నీళ్లు పోయేదాకా మోటారు ఆడించాలి. సీసాను అంచుదాకా నింపి, గాలి బుడగ లేకుండా మూత బిగించాలి. సగం నింపిన సీసా ఎండలో జీపులో తిరిగితే లోపలే ఆవిరై లెక్క మారిపోతుంది. తర్వాత ఆ కాగితాన్ని ఎవరూ నమ్మరు. అందుకే ప్రతి బోరు నుంచీ రెండేసి సీసాలు తీసి, ఒకటి సీలు వేసి పంచాయతీ దగ్గర ఉంచాలి. చెరువుకు ఎగువన ఉన్న బోర్లనూ కలపాలి, లేకపోతే దేనితో పోలుస్తారు?

యోగి వేమన, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాల విద్యార్థులు సీసాలు నింపగలరు. పరీక్షించడానికి హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), అహ్మదాబాద్‌లో పీఆర్‌ఎల్ (భౌతిక పరిశోధన ప్రయోగశాల) ఉన్నాయి. గనుల నుంచి వచ్చే జిల్లా ఖనిజ నిధిని తాగునీటికీ, కాలుష్య నియంత్రణకూ వాడొచ్చని నిబంధనలే చెబుతున్నాయి. రైతులకు ఇవి అర్థం కావన్న మాట మాత్రం వద్దు. 2000ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో సీమ నాలుగు జిల్లాలు సహా ఏడు జిల్లాల్లో రైతులే బోర్ల మట్టం కొలిచి, వాన లెక్క రాసి, ఉన్న నీటికి తగ్గ పంట వేసుకున్నారు. ఐసోటోపు ఫలితాలనూ అలాగే తెలుగులో సచివాలయం గోడ మీద రాయాలి. కొత్త గనికి లీజు ఇచ్చేముందే చుట్టుపక్కల బోర్ల ఆనవాళ్లు నమోదు చేయాలి. తుమ్మలపల్లెలో ఆ పని ముందే జరిగి ఉంటే నేటి తగాదా ఇంత సాగేది కాదు.

నైరుతి వానలకు ముందు ఒకసారి, ఈశాన్య వానలు వెళ్లాక ఒకసారి. మొదటి సీసా వేములలో నిండాలి, రెండోది కలమల్ల బూడిద చెరువు కింది పల్లెల్లో.