ముందు బహిష్కారం, తరువాత పాలరాయి

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన పెద్దలు సామెత చెప్పి ఊరుకున్నారు. ఇటలీలోని ఫ్లారెన్స్ నగరం అలా ఊరుకోలేదు. దాన్ని పాలనా విధానంగా మార్చి, శతాబ్దాల పాటు నిష్ఠగా అమలు చేసింది. ముందు చెట్టును నరకాలి. వీలైతే కాల్చాలి. అదీ కుదరకపోతే పొరుగూరికి తరమాలి. ఆ తరువాత మొద్దు మాదంటే మాదని పొరుగూరితో తగవు పడాలి. ఇంతమంది మహానుభావులు ఒక్క చోటే ఎలా పుట్టుకొచ్చారని అడిగితే చరిత్రకారులు ఉన్ని వ్యాపారాన్నీ బ్యాంకులనూ కారణంగా చూపిస్తారు. అసలు రహస్యం ఈ విధానంలోనే ఉందని సవినయంగా మనవి చేస్తున్నాను.

మొదటి దస్త్రం కవి డాంటేది. 1300లో ఆయన రెండు నెలల పాటు నగర పాలక మండలిలో సభ్యుడు. తరువాత ఎదుటి వర్గం అధికారంలోకి వచ్చింది, వస్తూనే ఆయన మీద అవినీతి కేసు పెట్టింది. ఈ వరుస ఎక్కడో చూసినట్టుందని పాఠకులకు అనిపిస్తే దానికి బాధ్యత నాది కాదు. 1302 జనవరిలో తీర్పు వచ్చింది: 5,000 ఫ్లోరిన్ల జరిమానా, రెండేళ్ల బహిష్కారం. ఆయన డబ్బు కట్టలేదు, హాజరూ కాలేదు. మార్చిలో తీర్పును సవరించారు: చేతికి చిక్కితే సజీవ దహనం. జరిమానా నుంచి చితి దాకా రెండు నెలల లోపే చేరిన కేసు ఇది. వాయిదాల మీద వాయిదాలు చూసిన మనబోటి వాళ్లం ఇంతటి చురుకుదనాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. 1315లో క్షమాభిక్ష ఇవ్వజూపారు. కొంత సొమ్ము కట్టి, నలుగురి ముందూ తప్పు ఒప్పుకుంటే రావచ్చన్నారు. కవి ససేమిరా అన్నాడు. అయితే సరేనని శిక్షను మళ్లీ ఖాయం చేసి, ఈసారి కొడుకులను కూడా అందులో కలిపారు.

ఊళ్లు పట్టుకు తిరుగుతూ, పరాయి ఇళ్ల మెట్లెక్కి దిగుతూ ఆయన రాసిందే డివైన్ కామెడీ. పండితుల లాటిన్‌ను పక్కన పెట్టి, తన ప్రాంతపు వాడుక మాటల్లో రాశాడు. ఆధునిక ఇటాలియన్‌కు పునాది పడింది అక్కడే. మన తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అన్నారని భాషా దినోత్సవ సభల్లో శాలువాలు కప్పుకుని మురిసిపోతుంటాం కదా, ఆ ఇటాలియన్‌కు అంతటి పరువు తెచ్చినవాడు తలమీద మరణశిక్ష ఉన్న ముద్దాయి అని ఏ వక్తా చెప్పగా నేను వినలేదు. కవి మాత్రం తన ఊరిని మరిచిపోలేదు. నరకంలో దొంగలు పడి ఉన్న గుంటలో ఐదుగురు సొంత ఊరి వాళ్లను చూసి, సంతోషించు ఫ్లారెన్సూ, నీ పేరు నరకమంతటా వ్యాపిస్తోంది అని మనస్ఫూర్తిగా అభినందించాడు.

1321లో రవెన్నా అనే మరో నగరంలో పోయాడు. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. ఫ్లారెన్స్‌కు చారెడు కళ్లు చాలలేదు, ఎముకలు కూడా కావలసి వచ్చాయి. పలుమార్లు అడిగింది. బతికుండగా మీరు వద్దన్న మనిషితో పోయాక మీకేం పని అన్నట్టు రవెన్నా ప్రతిసారీ తల అడ్డంగా ఊపింది. చివరికి 1519లో ఫ్లారెన్స్‌కు మంచి రోజులొచ్చాయి. పోపు పీఠం మీద పదో లియో ఉన్నాడు. ఆయనది ఫ్లారెన్స్‌నే ఏలుతున్న మెడిచీ కుటుంబం. సమాధి నేను చెక్కుతానని సాక్షాత్తూ మైఖెలాంజెలో అర్జీ మీద సంతకం పెట్టాడు. అనుమతి వచ్చింది, మనుషులు వెళ్లారు, రాతిపెట్టె మూత తీశారు. లోపల డాంటే లేడు. పక్కనే ఉన్న మఠంలోని ఫ్రాన్సిస్కన్ సన్యాసులు గోడకు కన్నం వేసి ఎముకలను అటువైపు లాగేసుకున్నారు. కొందరు దీన్ని దొంగతనం అంటారు. పాలకుల సొంత మనిషే అనుమతులిచ్చే చోట కూర్చున్నప్పుడు గోడకు కన్నం వేయడమే ఆస్తి రక్షణకు మిగిలిన మార్గం కాదా? ఆ తరువాత ఎక్కడ దాచారన్నది మఠంలోనూ మరుగున పడింది. 1865లో మరమ్మతులు చేస్తున్న పనివాళ్లకు ఒక గోడలో కొయ్యపెట్టె దొరికింది. అందులో కవి ఉన్నాడు.

ఈ లోగా ఫ్లారెన్స్ చేతులు కట్టుకుని కూర్చోలేదు. మనిషి లేకపోతేనేం, సమాధి ఉండకూడదని ఎక్కడుంది? 1829లో శాంతా క్రోచే చర్చిలో పాలరాతితో బ్రహ్మాండమైన ఖాళీ సమాధి కట్టించింది. దాని మీద ఆయన కావ్యంలోంచే ఒక పాదం చెక్కించింది: మహోన్నత కవిని గౌరవించండి. కావ్యంలో ఆ వెంటనే వచ్చే పాదానికి, వెళ్లిపోయిన ఆయన నీడ తిరిగి వచ్చింది అని అర్థం. దాన్ని చెక్కించలేదు. రాతి ఖర్చు కలిసివచ్చింది.

అదే చర్చిలో మైఖెలాంజెలో కూడా ఉన్నాడు. ఈయన ఎముకల విషయంలో నగరం ముందుచూపు ప్రదర్శించింది. 1564లో ఆయన రోమ్‌లో పోతే, అక్కడే ఖననం చేస్తారన్న భయంతో సరుకు మూటలా కట్టించి గుట్టుగా ఫ్లారెన్స్ చేర్చారు. రవెన్నా నేర్పిన పాఠం వృథా పోలేదు.

మాకియవెల్లీ సమాధీ అక్కడే. పద్నాలుగేళ్లు ఈ నగరానికి కార్యదర్శిగా పనిచేశాడు. 1512లో మెడిచీలు తిరిగొచ్చి ఉద్యోగం ఊడగొట్టారు. మరుసటి ఏడాది కుట్రదారుల జాబితాలో పేరు కనిపించిందని జైల్లో పెట్టి, చేతులు వెనక్కి కట్టి తాడుతో పైకి లాగి వదిలారు. బయటికొచ్చాక ఆయన ఊరి బయటి ఇంట్లో చేరి, పగలు సత్రంలో పేకాట ఆడుతూ, రాత్రి దర్బారు దుస్తులు తొడుక్కుని పుస్తకాలు చదువుకుంటూ రాజనీతి మీద చిన్న పుస్తకం రాశాడు. దాన్ని తనను తాడుకు వేలాడదీసిన కుటుంబానికే అంకితమిచ్చాడు. లోకమంతా కుటిల నీతి అని భయపడే ఆ గ్రంథం నిజానికి ఒక ఉద్యోగ దరఖాస్తు. ఉద్యోగం రాలేదు. పోయిన రెండున్నర శతాబ్దాలకు, 1787లో, ఇంతటి పేరుకు సరితూగే ప్రశంస లేదని రాయించి సమాధి మాత్రం ఇచ్చారు.

గెలీలియో విషయంలో శిక్ష వేసింది రోమ్. ఫ్లారెన్స్ శివార్లు వసతి మాత్రమే కల్పించాయి. 1633లో భూమి తిరగదని మోకాళ్ల మీద ఒప్పించాక, మిగిలిన ఎనిమిదేళ్ల పైచిలుకూ ఆర్చెట్రీలోని ఇంట్లో నిర్బంధం. కళ్లు పోయాయి. చివరి గొప్ప పుస్తకాన్ని 1638లో హాలండ్‌లోని లైడెన్‌లో అచ్చు వేయించుకోవలసి వచ్చింది. 1642లో పోతే, ఘనంగా సమాధి కడితే పోపుకు కోపం వస్తుందని చర్చిలో ఒక మూల గదిలో పెట్టారు. అక్కడ 95 ఏళ్లు వేచి ఉన్నాక, 1737లో ప్రధాన మందిరంలోకి మార్చారు. మార్చేటప్పుడు అభిమానులు ఊరుకుంటారా? మూడు వేళ్లు, ఒక పన్ను, ఒక వెన్నుపూస తీసి పంచుకున్నారు. సియెనా కేథరిన్ అనే క్రైస్తవ పునీతురాలి తల సియెనాలో, ఒళ్లు రోమ్‌లో ఉండడం భక్తుల మూఢత్వమని నవ్వే విజ్ఞానవాదుల కోసం ఈ వివరం. గెలీలియో కుడిచేతి నడిమి వేలు ఇప్పుడు ఫ్లారెన్స్ మ్యూజియంలో గాజు బుడ్డి లోపల నిటారుగా నిలబడి ఉంది. ఎవరిని ఉద్దేశించి అన్నది సందర్శకుల విజ్ఞతకు వదిలేశారు. ఆయనను విచారించిన వాళ్లు పొరబడ్డారని రెండో జాన్ పాల్ పోపు 1992లో ఒప్పుకున్నాడు. తాతలు వేసిన దావాలో మునిమనవలు తీర్పు వినే మన కోర్టులకు కూడా 359 ఏళ్లు కాస్త ఎక్కువే.

ఎముకలు మిగలకపోతే ఎలా అన్న సందేహానికీ ఇటలీ దగ్గర సమాధానం ఉంది. 1498లో సవొనరోలా అనే సన్యాసి బోధకుణ్ణి ఫ్లారెన్స్ నడిబొడ్డున ఉరితీసి, కాల్చి, ఏ భక్తుడికీ చిటికెడు కూడా దొరకకూడదని బూడిదను ఆర్నో నదిలో కలిపారు. ఇప్పుడు ఆ చోట నేలమీద గుండ్రని ఫలకం ఉంది. రోమ్‌లో తత్వవేత్త బ్రూనోను 1600లో కాల్చిన చోటే, ఇప్పుడు కూరగాయల సంత సాగే కూడలిలో, 1889లో ఆయన విగ్రహం పెట్టారు. టమాటాల బేరం ఆయన పాదాల దగ్గర యథావిధిగా సాగుతోంది.

రాజకీయాల్లో పద్ధతి ఇంకా సులువు. ఇటలీని ఏకం చేయాలని పోరాడిన మాజినీ, గారిబాల్డీలకు కుర్రతనంలోనే మరణశిక్షలు పడ్డాయి. ఇటలీ ఏకమయ్యాక, 1862లో, ఆ ఇటలీ సైన్యమే గారిబాల్డీ కాలిలో తూటా దింపింది. 1866లో మెస్సీనా ప్రజలు మాజినీని పార్లమెంటుకు ఎన్నుకుంటే, పాత మరణశిక్ష ఇంకా రద్దు కాలేదు కదా అని ఎన్నికనే రద్దు చేశారు. తాను కలగన్న దేశంలో, పీసా నగరంలో, 1872లో మారుపేరుతో ఉండగా పోయాడు. ఇప్పుడు అసలు పేరుతో ఇటలీలో ఊరూరా వీధులున్నాయి.

తిరిగి డాంటే దస్త్రానికి వస్తే, అది మొన్నమొన్నటి దాకా మూతపడలేదు. 2008 జూన్‌లో ఫ్లారెన్స్ నగర సభ ఆయన శిక్షను రద్దు చేయాలన్న తీర్మానాన్ని చర్చకు పెట్టింది. అనుకూలంగా 19 ఓట్లు, వ్యతిరేకంగా 5. ఏడు వందల ఏళ్లు గడిచినా తొందరపాటు తగదనుకున్న ఆ ఐదుగురికి, నరకంలో కవి చూసిన ఐదుగురికి సంబంధం ఉందని నేను అనడం లేదు.

ఏటా సెప్టెంబరులో ఫ్లారెన్స్ నుంచి పెద్దలు రవెన్నా వెళ్లి, డాంటే సమాధి మీద వెలిగే దీపానికి నూనె సమర్పించి వస్తారు. ఆ నూనె ఖర్చును బకాయి పడ్డ 5,000 ఫ్లోరిన్లలో జమ కట్టుకోవాలని 2008 నాటి సభలో ఎవరూ సవరణ ప్రతిపాదించకపోవడం నగర ఆర్థిక శాఖ నిర్లక్ష్యం కిందికే వస్తుంది.