ఒకే పరిమితికి ఇన్ని కొలతలా?

రాత్రంతా నడిచిన బ్యాకప్ ఒక జీబీ దగ్గర చచ్చిపోయింది. డిస్కులో బోలెడు చోటుంది! కారణం? ఏఐఎక్స్‌లో (ఐబీఎం వారి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) యూజర్ డీఫాల్ట్ ఎఫ్‌సైజ్, అంటే ఒక్కో ఫైలు పెరగగల గరిష్ఠ సైజు, 2097151. ఏమిటా అంకె? బైట్లా, కేబీలా? కాదట, 512 బైట్ల బ్లాకులు. లినక్స్‌లో ఇలాంటి పరిమితులు రాసే లిమిట్స్.కాన్ఫ్ ఫైల్లో అదే ఎఫ్‌సైజ్ కేబీల్లో రాయాలి. అదే పరిమితిని టెర్మినల్‌లో పెట్టే యూలిమిట్ కమాండ్ అయితే బ్యాష్ షెల్‌లో 1024 బైట్ల లెక్క, డ్యాష్ షెల్‌లో 512. మనిషన్నవాడు ఎన్నని గుర్తుపెట్టుకుంటాడు?

పోనీ, మార్చాం. మళ్లీ లాగిన్ అయితే గానీ వర్తించదు. లినక్స్‌లో సిస్టమ్‌డీ వెనకాల నడిపే సర్వీసులు ఆ లిమిట్స్.కాన్ఫ్ వంకే చూడవు, వాటికి లిమిట్‌ఎఫ్‌సైజ్ విడిగా రాయాలి. ఇంతా చేస్తే ఇది ఒక్కో ఫైలుకే! ఎవరైనా ముక్కలు ముక్కలుగా రాసి డిస్కు నింపేస్తే ఆపదు. దానికి యూజర్ మొత్తం వాడకానికి హద్దు వేసే కోటా వేరే పెట్టుకోవాలి.

పరిమితి దాటబోతే ప్రోగ్రామ్‌కి ఆపేసే సిగ్నల్ ఒకటి పోతుంది, సగం ఫైలు మిగులుతుంది. అడ్మిన్‌కి ముందే ఒక్క హెచ్చరిక పంపితే ఏం పోయింది?