సవరణ: ప్రీబయోటిక్‌ను బెల్లం నీళ్లలో పులియబెట్టనక్కర్లేదు

రోహు, కట్ల పిల్లల మేత గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. ప్రీబయోటిక్ పొడిని బెల్లం నీళ్లలో రాత్రంతా ఉంచి, తెల్లారి తవుడులో కలపమన్నాను. అది ప్రోబయోటిక్‌కు చేసే పని. అక్కడ బతికున్న బ్యాక్టీరియాను పెంచుతాం. ప్రీబయోటిక్‌లో ప్రాణమున్నదేమీ ఉండదు. అది చేపకు అరగని పీచు లాంటిది, పేగులోని మంచి బ్యాక్టీరియాకు తిండి. దాన్ని పులియబెడితే ఆ తిండి బకెట్‌లోనే ఖర్చయిపోవచ్చు!

మన దగ్గర ఎక్కువగా దొరికే ప్రీబయోటిక్ ఎం.ఓ.ఎస్. (మన్నన్ ఆలిగోశాకరైడ్), ఇది ఈస్ట్ కణాల గోడ నుంచి తీసేది. కొన్ని చెడ్డ బ్యాక్టీరియాలు పేగు గోడకు బదులు దీన్ని పట్టుకుని, మలంతో పాటు బయటికి పోతాయి. మేత తయారీలో వేడి తగిలినా దీనికి పెద్దగా నష్టం లేదు. మామూలు ప్రోబయోటిక్‌కు ఆ వెసులుబాటు లేదు.

రెండోది మోతాదు. కిలో మేతకు 20 గ్రాములని పడింది, ఒక సున్నా ఎక్కువైంది. సాధారణంగా వాడేది 2 నుంచి 4 గ్రాములు, ప్యాకెట్ మీద వేరేగా ఉంటే అదే పాటించండి. ఇప్పటికే 20 చొప్పున కలిపినవాళ్లు క్షమించాలి, డబ్బు దండగ చేయించాను.