డాక్టర్ ప్రైస్‌కి రాజకీయం చేతకాలేదు

డాక్టర్ రాజకీయాల్లోకి వస్తే ఎలా నడుచుకోవాలో ఒక పద్ధతి ఉంది. ముందు రెండు ఉచిత వైద్య శిబిరాలు, తర్వాత కండువా, తర్వాత టికెట్టు, నెగ్గాక స్టెతస్కోపు ఫ్లెక్సీలో మాత్రమే కనిపించాలి. ఈ పద్ధతి తెలియక చెడిపోయిన మనిషి వేల్స్‌కి చెందిన డాక్టర్ విలియం ప్రైస్ (1800–1893). కొత్తగా కండువా కప్పుకోబోయే డాక్టర్లు ఈయన జీవితాన్ని జాగ్రత్తగా చదివి, ఇందులో ఒక్క పనీ చేయకుండా ఉండాలని నా మనవి.

మొదటి తప్పు ఉద్యోగంలోనే జరిగింది. పాంటిప్రిడ్‌లో గొలుసుల ఫ్యాక్టరీ కార్మికులు ఈయన్ని తమ డాక్టరుగా ఎన్నుకున్నారు. ఎన్నిక అంటే ఎన్నికే, కానీ ఓటు హక్కే లేనివాళ్ళు ఎన్నుకుంటే ఏం ఉపయోగం? పైగా పొగ తాగేవాళ్ళకి వైద్యం చేయనని భీష్మించుకున్నాడు. మాంసం తినడు, మేజోళ్ళు వేసుకోడు. మశూచి టీకాలనీ వ్యతిరేకించాడు, అక్కడ మాత్రం వెక్కిరింత కాదు, నిజంగానే తప్పు.

కార్మికులకి ఓటు లేకపోతే వదిలేయాలి గాని, ఓటు తెప్పిస్తానని, ఓటు హక్కు కోసం పోరాడే చార్టిస్టులనే ఉద్యమకారుల్లో చేరాడు. వాళ్ళ కోర్కెలు ఆరు: మగవాళ్ళందరికీ ఓటు, రహస్య బ్యాలెట్, ఆస్తి లేనివాడూ పోటీ చేసే వీలు, ఎంపీలకి జీతం, సమానమైన నియోజకవర్గాలు, ఏటేటా పార్లమెంటు ఎన్నికలు. ఇందులో ఐదు కాలక్రమంలో చట్టాలయ్యాయి. రహస్య బ్యాలెట్ 1872లో వచ్చింది, ఎంపీల జీతం 1911లో. ఏటేటా ఎన్నికలు మాత్రం ఏ ఎంపీకీ నచ్చలేదు, ఎందుకో పాపం.

1839 నవంబరులో చార్టిస్టులు వేల్స్‌లోని న్యూపోర్ట్ పట్టణం మీదికి కదిలారు, సైనికుల కాల్పుల్లో ఇరవైమందికి పైగా చనిపోయారు. అంతకుముందు ఫిరంగులు కూడబెట్టాడన్న పేరున్న మన డాక్టరు ఆ రోజు అక్కడ లేడు. తర్వాత ఆడవేషం వేసుకుని ఫ్రాన్సుకి పారిపోయాడని చెబుతారు. జీవితం మొత్తంలో ఈయన అసలైన నాయకుడిలా ప్రవర్తించింది ఇక్కడే. కానీ పారిస్‌లో ఊరుకున్నాడా, లూవ్ర్ మ్యూజియంలో గ్రీకు రాతలున్న రాయిని చూసి, అది పాత వెల్ష్ జోస్యమనీ, వేల్స్‌ని విడిపించేవాడు తానేననీ తేల్చేసుకున్నాడు. మన నాయకులు ఇలాంటి జోస్యానికి సిద్ధాంతికి డబ్బులిచ్చి చెప్పించుకుంటారు, ఈయన ఫ్రీగా తనే చెప్పేసుకున్నాడు.

తిరిగొచ్చాక నక్కతోలు టోపీ పెట్టుకుని డ్రూయిడ్‌గా, అంటే క్రైస్తవం రాకముందు అక్కడుండే పాత మతపు పూజారిగా తిరిగాడు. కోర్టులో తన వాదన తనే వినిపించుకునేవాడు, ఒకసారి చిన్న కూతుర్ని వెంటబెట్టుకెళ్ళి ఈవిడే మా లాయరమ్మ అన్నాడట.

83వ ఏట కొడుకు పుడితే ఏసుక్రీస్తు అని పేరు పెట్టాడు, చాపెల్‌కి, అంటే ఊరి చర్చికి వెళ్ళడం తప్పని ఊళ్ళో! ఆ బిడ్డ ఐదు నెలలకే పోయాడు. 1884 జనవరిలో ఒక ఆదివారం లాంట్రిసంట్ కొండ మీద దహనం చేయబోతే, శవాన్ని పూడ్చడమే ఆచారమైన జనం ఎగబడ్డారు, పోలీసులు శవాన్ని లాక్కుని ఈయన్ని అరెస్టు చేశారు. కార్డిఫ్‌లో విచారణ జరిపిన జడ్జి స్టీఫెన్, ఇతరులకి ఇబ్బంది కలగనంతవరకు దహనం నేరం కాదని తేల్చాడు. మార్చిలో తండ్రి అనుకున్నట్టే చితి వెలిగింది. మరుసటి ఏడాదే ఇంగ్లండులోని వోకింగ్‌లో దహనశాల పనిచేయడం మొదలైంది, 1902లో చట్టం వచ్చింది. ఇంగ్లండులో స్థిరపడ్డ మన తెలుగువాళ్ళు అయినవాళ్ళని అక్కడే సాగనంపగలుగుతున్నారంటే, ఆ దారిలో ఈ మొండి ముసలాయన చేయీ ఉంది. పార్లమెంటు మెట్లెక్కకుండానే చట్టం మార్పించడం ఎంత పద్ధతి లేని పనో చూడండి, అక్కడ కూర్చున్న ఆరువందల పైచిలుకు మందికి ఎంత అవమానం!

1893 జనవరిలో ఆయన పోతే, ముందే రాసిపెట్టుకున్నట్టు రెండు టన్నుల బొగ్గు పేర్చి అదే కొండ మీద కాల్చారు. చూడటానికి దాదాపు 20,000 మంది వచ్చారని లెక్క. లారీలు పెట్టలేదు, బిర్యానీ పొట్లాలు పంచలేదు. ఊళ్ళో పబ్బుల్లో బీరు అయిపోయిందంటారు గానీ, అదీ ఎవరి డబ్బుతో వాళ్ళు తాగిందే.